డిగ్రీ ల్యాబ్‌లో మాన్యువల్ తీసేసి ప్రశ్న మాత్రమే ఇవ్వడం సరైనదేనా?

కెమిస్ట్రీ_మేడమ్: ఈ సెమిస్టర్ ల్యాబ్ మాన్యువల్ పక్కన పెట్టాను. రెండు తెల్ల పొడులిచ్చి, ఇవి ఒకటేనో కాదో తేల్చమన్నాను. మాన్యువల్ ఉన్నప్పుడు రీడింగ్ ఎందుకు తీస్తున్నామని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు ఏ పరీక్ష ముందు చేయాలో వాళ్లలో వాళ్లే వాదించుకుంటున్నారు. కాలేజీ చదువంతా ఇలాగే ఉండాలి.

లెక్కల_మాస్టారు: 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ రాసిన వ్యాసం చూడండి. కొత్త విషయం నేర్చుకునేటప్పుడు వర్కింగ్ మెమరీ, అంటే ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగినది, కొంచెమే. దారి వెతుక్కోవడానికే అది సరిపోతే ఇక నేర్చుకునేదెప్పుడు? ముందు మనం చేసి చూపించాలి.

కెమిస్ట్రీ_మేడమ్: దానికి 2007లోనే హ్మెలో-సిల్వర్ బృందం జవాబిచ్చింది. అన్వేషణ అంటే గాలికి వదిలేయడం కాదు, టీచర్ ఆసరా ఉంటుంది. 2014లో ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలు కలిపి చూసింది. ఫెయిలయినవాళ్లు లెక్చర్ క్లాసుల్లో 33.8 శాతం, యాక్టివ్ లెర్నింగ్‌లో, అంటే పిల్లలు ఊరికే వినకుండా తామే ఏదో ఒకటి చేసే క్లాసుల్లో, 21.8 శాతం.

లెక్కల_మాస్టారు: అది యాక్టివ్ లెర్నింగ్ లెక్క. లెక్చర్ మధ్యలో ప్రశ్న వేసి, జవాబుకి క్లిక్కర్ బటన్ నొక్కించినా అందులోకే వస్తుంది. మీ పొడులకు అది సాక్ష్యం కాదు.

దారిన_పోతూ: పేరేదైతేనేం, పాసయ్యారు కదా!

లెక్కల_మాస్టారు: పేరు కాదండీ, కొలిచిందేమిటన్నదే ప్రశ్న.

చివరి_బెంచి: నేను చదివినచోట ఒక సార్ ఇలాగే "మీరే కనుక్కోండి" అనేవారు. డౌట్ అడిగితే "నువ్వేమనుకుంటున్నావ్?" అని తిరుగు ప్రశ్న. పరీక్షలో మాత్రం నిర్వచనాలు రాయమన్నారు. ఫెయిలయ్యాను.

కెమిస్ట్రీ_మేడమ్: ఆయన చేసినదానికి పద్ధతిని తప్పుపట్టకండి. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల అధ్యయనం వచ్చింది. యాక్టివ్ క్లాసులో పిల్లలు ఎక్కువ నేర్చుకుని కూడా తక్కువే నేర్చుకున్నామని అనుకున్నారు.

లెక్కల_మాస్టారు: మళ్లీ యాక్టివ్!

చివరి_బెంచి: ఫెయిలయ్యానంటుంటే అలా అనిపించిందంతే అంటారేంటి మేడమ్? మీ ల్యాబ్‌లో తప్పు దారిన వెళ్లినవాడికి మార్కులు పోతాయా, పోవా? అది చెప్పండి.

కెమిస్ట్రీ_మేడమ్: ఇంటర్నల్స్‌లో పోవు. తప్పిన ప్రయత్నం కూడా రికార్డులో రాస్తే మార్కులిస్తాను. ఫైనల్ పేపర్ డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే, అది నా చేతిలో లేదు.

చివరి_బెంచి: నా భయం అదే. ప్రయోగం మీది, దెబ్బ పిల్లలకి.

లెక్కల_మాస్టారు: నేను లెక్చర్ వదలనిదీ అందుకే. ఆ పేపర్‌కి తయారుచేయకుండా పిల్లల్ని పంపలేను.

కెమిస్ట్రీ_మేడమ్: అయితే పేపర్ మార్చమని అడగాలి గానీ ప్రశ్నలు మానేయమంటారా? వచ్చే మీటింగ్‌లో నేను అడుగుతాను. మీ దగ్గర మీరూ అడగండి.

లెక్కల_మాస్టారు: అడుగుతాను. పేపర్ మారేదాకా బోర్డు మీద చేసి చూపిస్తూనే ఉంటాను.