నేపాల్‌కి రాజ్యాంగం రాసుకోవడానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది?

గ్రూప్స్ గోల:
నేపాల్ చాప్టర్ దగ్గర ఆగిపోయాను. మావోయిస్టులతో శాంతి ఒప్పందం 2006 నవంబరులోనే అయిపోయింది, 2008 మేలో రాజరికం కూడా పోయింది, రాజ్యాంగం మాత్రం 2015 సెప్టెంబరు 20న వచ్చింది. పదేళ్ల యుద్ధాన్ని ఆపగలిగినవాళ్లకి ఇదేం కష్టం? మనది మూడేళ్లలోపే అయింది కదా. గైడ్లలో తేదీలు తప్ప ఏమీ లేవు, ఎవరైనా విడమరిచి చెప్పండి.

పాత పేపర్:
తమ్ముడూ, యుద్ధం ఆగడానికి సగం కారణం అప్పటి రాజు జ్ఞానేంద్ర. 2005లో ఆయన అధికారం మొత్తం తన చేతిలోకి లాక్కోవడంతో అటు పార్టీలు, ఇటు మావోయిస్టులు కలిశారు. రాజు దిగిపోయాక వాళ్లని కలిపి ఉంచేది ఏదీ మిగల్లేదు. 2008లో 601 మందితో రాజ్యాంగ పరిషత్ ఏర్పడింది, మావోయిస్టులే పెద్ద పార్టీ కానీ మెజారిటీ లేదు. రెండేళ్ల గడువుని నాలుగుసార్లు పొడిగించారు, చివరికి సుప్రీంకోర్టు ఇదే ఆఖరుసారి అంది, 2012 మేలో రాజ్యాంగం రాయకుండానే సభ రద్దయింది. గెరిల్లాలను సైన్యంలో కలపడం మీద కూడా ఏళ్లు నలిగారు (19 వేల పైచిలుకు మందిలో చివరికి చేరింది దాదాపు 1,400 మందే) కానీ అది తేలింది. తేలనిది రాష్ట్రాల సంగతి. ఎన్ని ఉండాలి, గీత ఎక్కడ గీయాలి, పేరేం పెట్టాలి. జనజాతులకి (అక్కడి ఆదివాసీ తెగలు), మధేసీలకి (ఇండియా సరిహద్దు మైదానాల జనం) యుద్ధకాలంలో స్వయంపాలన మాటిచ్చింది మావోయిస్టులే, నేపాలీ కాంగ్రెస్‌కీ, కమ్యూనిస్టు పార్టీ యూఎంఎల్‌కీ జాతి పేరుతో రాష్ట్రాలంటే పడదు.

లారీ ఆఫీసు:
మరి 2015లో ఒక్కసారిగా ఎలా తేలిందో కూడా చెప్పాలిగా. ఏప్రిల్‌లో భూకంపం వచ్చింది, జూన్‌లో పెద్ద పార్టీలు 16 అంశాల ఒప్పందం చేసుకుని గబగబా కానిచ్చేశాయి. 2013లో మళ్లీ ఎన్నికైన రెండో పరిషత్‌లో 598 మందిలో 507 మంది అనుకూలంగా ఓటేశారని గొప్పగా చెప్తారు, మధేసీ పార్టీలు అసలు ఓటింగుకే రాలేదు. నేనప్పుడు నేపాల్ సరిహద్దులోని రక్సౌల్ వైపు లోడ్లు పంపే ఆఫీసులో ఉన్నా, రాజ్యాంగం రాగానే సరిహద్దు దిగ్బంధంతో బండ్లు రోజుల తరబడి బోర్డర్లో నిలబడ్డాయి, ఓనర్లకి ఒకటే టెన్షన్. కాఠ్‌మాండూలో గ్యాస్ లేక జనం కట్టెల పొయ్యి మీద వండుకున్నారు. దిగ్బంధం ఇండియాదేనని వాళ్లు, కాదు ఆందోళన చేస్తున్న మధేసీలదని మనవాళ్లు. 2016 ఫిబ్రవరి దాకా అదే గోల.

నిజామాబాదీ:
మనది మూడేళ్లలో అయిందంటే ఈ రాష్ట్రాల పంచాయితీని పక్కన పెట్టారు కాబట్టి. భాషా రాష్ట్రాలు ఇప్పుడొద్దని వాయిదా వేసి, మూడో అధికరణంతో పార్లమెంటు మామూలు చట్టంతోనే మార్చుకునే వీలుంచారు. 1953, 1956, 2014 అన్నీ ఆ దారిలోనే వచ్చాయి. 2014 జనవరిలో ఉమ్మడి అసెంబ్లీ బిల్లుని తిప్పి పంపినా తెలంగాణ ఆగలేదు. నేపాల్‌లో సరిహద్దు మార్చాలంటే రాష్ట్ర సభల సమ్మతి కావాలి, ఆ రూలు ఇక్కడుంటే మా బిల్లు అక్కడే ఆగేది. గీత మళ్లీ మార్చడం కష్టమని తెలిస్తే ఎవరైనా మొదటి రోజే మొండికేస్తారు, మధేసీలు, అదే మైదానాల్లోని థారూ తెగవాళ్లు చేసిందదే.

గోదారి గట్టు:
అన్నా, మళ్లీ విభజన గొడవ ఇక్కడికి తేకు 😀 పాయింట్ మాత్రం కరెక్టే.

గ్రూప్స్ గోల:
థ్యాంక్స్ అందరికీ. పేర్ల గొడవ మరి ఎప్పుడు తీరింది?

పాత పేపర్:
2015లో తీరలేదు, ఏడు రాష్ట్రాలకీ నంబర్లు వేసి పేర్లు ఆయా రాష్ట్ర సభలకే వదిలేశారు. రెండో నంబరుది 2022లో మధేశ్ అయింది. ఒకటో నంబరుకి 2023 మార్చిలో కోశీ అని పెడితే, అక్కడి స్థానిక జాతులైన కిరాత్, లింబూల పేర్లు ఏవని జనం రోడ్డెక్కారు.