కొత్తగా షాపు పెట్టినవాళ్లలో ఎవరు ఐపీ పెడతారో (దివాలా తీస్తారో) ముందే చెప్పొచ్చా?

కడప అన్న: మా తమ్ముడు వై.వి. స్ట్రీట్ పక్క సందులో రెడీమేడ్ షాపు పెడదామనుకుంటున్నాడు. ముద్ర లోన్‌కి వెళ్తే పాత అప్పులు ఎలా కట్టాడో చెప్పే సిబిల్ స్కోరు 640యే, తక్కువని కాగితాలు పక్కన పెట్టేశారు. బైక్ ఈఎంఐలు ఆలస్యమైనందుకు ఆ స్కోరు. ఇంకా తెరవని షాపు మునుగుతుందని దాన్నిబట్టి తేల్చేయడం న్యాయమేనా?

కర్నూలు అకౌంటెంట్: బ్యాంకుకి వేరే దారేముంది? తాకట్టు లేకుండా కొత్తవాళ్లకి 10 లక్షల దాకా ఇస్తుంది. 90 రోజులు వాయిదా రాకపోతే మొండిబాకీ. పాత అప్పు ఎలా కట్టాడనేదే చేతిలో ఉన్న ఆధారం. దివాలాని అంకెలతో పసిగట్టడం కొత్త కూడా కాదు, అమెరికా ప్రొఫెసర్ ఆల్ట్‌మన్ 1968లోనే కంపెనీ లెక్కల నుంచి కట్టే జెడ్ స్కోర్ ఇచ్చాడు. 1.81 కంటే తగ్గితే ప్రమాదం.

అనంతపురం హోల్‌సేల్: సార్, ఆ స్కోర్ కట్టింది 66 తయారీ కంపెనీల లెక్కలతో. అందులో ఒక అంశం ఇన్నేళ్లుగా కూడబెట్టిన లాభం, ఇంకోటి షేర్ల విలువ. నిన్న బోణీ చేసినవాడికి ఈ రెండూ ఎక్కడివి? సిబిల్ కూడా మనిషి సంగతే చెబుతుంది, షాపు సంగతి చెప్పదు.

సుభాష్ రోడ్‌లో సరుకు అరువిచ్చే ముందు నేను చూసేది వేరు. వేరుశనగ డబ్బు చేతికొచ్చే నెలల్లో బట్టల షాపు ఎవరిదైనా నడుస్తుంది. వానలు మొహం చాటేసిన ఏడాది అద్దె, జీతాలు, కరెంటు బిల్లు ఎక్కడి నుంచి తెస్తాడు? ఉన్నదంతా అడ్వాన్సుకీ ఫర్నిచర్‌కీ పోసినవాడంటే నాకు భయం. అలాంటివాడు చివరికి డైలీ ఫైనాన్స్‌లో పడతాడు. 10,000 అని రాసుకుని 9,000 చేతిలో పెడతారు, రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టాలి. లెక్కేస్తే ఏడాదికి నూటికి 70 దాటే వడ్డీ. బట్టల్లో అంత మిగులుతుందా? రోజూ టిక్కు కొట్టించుకునే ఆ అట్ట కార్డులు గల్లాలో రెండు కనిపిస్తే నేను అరువు ఆపేస్తాను.

కర్నూలు అకౌంటెంట్: గల్లా మీకు కనిపిస్తుంది, మేనేజరుకి కనిపించదు కదా. నోటిమాట మీద లోనిస్తే రేపు ఆడిట్‌లో ఆయన మెడకే చుట్టుకుంటుంది.

అనంతపురం హోల్‌సేల్: నోటిమాటెందుకు? ముద్రలోనే అన్నిటికన్నా చిన్నదైన, 50,000 లోపు శిశు లోన్‌తో మొదలుపెట్టించి, ఆరు నెలల యూపీఐ జమలు చూసి పెంచొచ్చు. మందకొడి నెలలు కూడా అందులోనే తెలిసిపోతాయి. కడపన్నా, అద్దె ఎంత మాట్లాడుకున్నారు?

కడప అన్న: నెలకి 18 వేలు, అడ్వాన్స్ 2 లక్షలు. అది కడితే మిగిలేది సరుక్కే సరిపోతుంది. వ్యాపారం లేని నెలల లెక్క మేం వేయలేదు, ముందు ఓనరుతో మాట్లాడి అడ్వాన్స్ తగ్గించుకుంటాం. కానీ అకౌంటెంట్ గారూ, ఈ అద్దె సంగతి బ్యాంకులో ఒక్కరూ అడగలేదు. అడిగి కాదంటే ఒప్పుకునేవాణ్ణి.