చెయ్యెత్తితే చంకలో పట్టేస్తున్న టాపు: చంక కోత దించవచ్చా, కూడదా?

మారతహళ్ళి:
బెంగళూరు చిక్కపేటలో కొన్న రెండున్నర మీటర్ల నూలు గుడ్డతో మొదటిసారి ఇంట్లోనే టాపు కుట్టుకున్నాను. నా ఛాతీ చుట్టుకొలత 38 అంగుళాలు, కుట్టిన టాపు 39.5 వచ్చింది. నిలబడితే బాగానే ఉంటుంది గాని, బస్సులో పైకడ్డీ పట్టుకోవడానికి చెయ్యెత్తగానే చంకలో పట్టేసి, టాపు మొత్తం నడుము దాకా లేచిపోతోంది. చంక కోతను ఇంకో అంగుళం కిందికి దించితే సరిపోతుందని మా పక్కింటావిడ అన్నారు. కత్తెర పెట్టే ముందు తెలిసినవారిని అడుగుదామని రాస్తున్నాను.

నిలువుపోగు:
దయచేసి దించకండి. చెయ్యెత్తినప్పుడు సాగవలసింది నడుము నుంచి చంక దాకా, చంక నుంచి మోచేయి దాకా ఉండే గుడ్డ. చంక కోత దించితే ఆ రెండు పొడవులూ తగ్గుతాయి కాబట్టి, చెయ్యి లేవాలంటే టాపు ఇంకా పైకి రావాలి. మీ అసలు లోపం వదులులో ఉంది. సాగని నూలు గుడ్డకు ఛాతీ దగ్గర మూడు నాలుగు అంగుళాల వదులు కావాలి, మీరు ఇచ్చింది ఒకటిన్నర అంగుళమే.

కుట్టు అక్కయ్య:
అమ్మా, నేను 22 ఏళ్ళుగా మిషను మీద కూర్చుంటున్నాను. అందులో మొదటి ఆరేళ్ళు పీణ్యలోని గార్మెంటు ఫ్యాక్టరీలో చేతులు ఎక్కించే పని చేశాను. చంకలో పట్టేస్తే అర అంగుళం దించి, చెయ్యి కుట్టు విప్పి మళ్ళీ ఎక్కించడం ఎంతోమందికి చేశాను, ఒక్కరూ తిరిగి రాలేదు. ముందు పక్క కుట్లలో లోపల ఎంత గుడ్డ వదిలారో చెప్పు.

మల్లేశ్వరం:
కోసే ముందు గుడ్డను నానబెట్టారా? నూలు గుడ్డ మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది.

మారతహళ్ళి:
నానబెట్టలేదు. కుట్టిన తరువాత ఒకసారి ఉతికాను, 39.5 అన్నది ఉతికిన తరువాతి కొలత. పక్క కుట్లలో అర అంగుళం మాత్రమే వదిలాను అక్కయ్యా.

నిలువుపోగు:
అయితే కుట్టును అంచు వైపు జరిపినా పావు అంగుళానికి మించి దొరకదు. ముందూ వెనుకా, రెండు పక్కలా కలిపితే నాలుగు పావులు, అంటే ఒక్క అంగుళం. అది చాలదు. మా తాతగారి లాల్చీలకు చంక కింద ఒక చిన్న చతురస్రపు ముక్క ఉండేది. పాత దర్జీలు గుండ్రని చంక కోత లేకుండా నిలువు ముక్కలు కలిపి కుట్టినా, ఆయన చెయ్యెత్తి దూలానికి దీపం తగిలించగలిగేవారు. మీరూ మూడంగుళాల చతురస్రం కోయండి, కుట్లు పోగా రెండు అంగుళాలు మిగులుతుంది. పక్క కుట్టూ, చెయ్యి అడుగున పొడవునా ఉండే కుట్టూ చంక దగ్గర రెండేసి అంగుళాలు విప్పి, ఒక మూల పక్క కుట్టు వైపు, ఎదురు మూల చెయ్యి కుట్టు వైపు వచ్చేలా ముందు కచ్చా కుట్టు వేసి, తొడుక్కుని చూసి, ఆ తరువాతే మిషను మీద వేయండి. ఒకటి మాత్రం చెప్పక తప్పదు. ఒక్కరూ తిరిగి రాలేదంటే పని సరిపోయిందని అర్థం కాదు, చెయ్యెత్తడం మానుకున్నారని కూడా కావచ్చు.

కుట్టు అక్కయ్య:
అంటే నాకు పని రాదనేనా మీరు చెబుతున్నది? నేను దించినప్పుడల్లా చెయ్యి వెడల్పు కూడా పెంచాను, అది మీరు అడగలేదు. నాలుగు వీడియోలు చూసి కాగితం మీద గీతలు గీసినవారు టైలరుకు చంక కోత నేర్పుతున్నారు. ఇంట్లో కుట్టి పాడుచేసుకున్న టాపులు చివరికి వచ్చేది నా దగ్గరికే. ఒక ముక్క చేర్చి కుట్టాలంటే నాలుగు చోట్ల విప్పి, దారపు పోగులు ఏరి, అంచు పోగులు ఊడకుండా మళ్ళీ ఓవర్‌లాక్ కుట్టు వేయాలి, కొత్త టాపు కుట్టినంత సేపు పడుతుంది. ఆల్టరేషనే కదా అని యాభై రూపాయలకు బేరమాడతారు.

చామరాజపేట:
అక్కయ్య చెప్పిన ఆ మాట నిజం. మా అమ్మగారూ ఆల్టరేషను పనికి సరైన కూలి ఎన్నడూ చూడలేదు.

నిలువుపోగు:
నేను కూలి గురించి మాట్లాడలేదు. చంక కోత దించితే పక్క పొడవు తగ్గుతుందా, తగ్గదా? దానికి జవాబు చెప్పండి.

మారతహళ్ళి:
మీరిద్దరూ నా టాపును వదిలేశారు. నేను డబ్బు మిగుల్చుకోవడానికి కుట్టుకోలేదు. నిరుడు ఒక దుకాణంలో కొలతలు తీసుకుంటూ, పక్కన ఇద్దరు మగవాళ్ళు నిలబడి ఉండగా, “మీకు మామూలు గుడ్డ చాలదు, ఒళ్ళు తగ్గించుకోండి” అని గట్టిగా అన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడలేకపోయాను. నా ఒంటిని నేనే కొలుచుకోవాలని మిషను కొనుక్కున్నాను. ఇంట్లో కుట్టి పాడుచేసుకునేవాళ్ళం అని మీరు రాసినప్పుడు నాకు మళ్ళీ ఆ దుకాణమే గుర్తుకు వచ్చింది అక్కయ్యా.

కుట్టు అక్కయ్య:
ఆ మాట అన్నవారిది తప్పు తల్లీ. టేపు చేతిలో ఉన్నప్పుడు నోట్లో నుంచి అంకె తప్ప ఇంకొకటి రాకూడదని నాకు పని నేర్పిన ఆవిడ చెప్పేది. నా కోపం నీ మీద కాదు. అందరూ ఇంట్లోనే కుట్టుకుని, కుదరని పని మాత్రమే మా దగ్గరికి తెస్తే, మా పిల్లల ఫీజులు ఏ పనితో కట్టాలన్నది నా బాధ. నీకు చంకముక్కే సరి, ఆ అంగుళమూ దించవద్దు. కాని ఆ ముక్క అంచులు నిలువుపోగుకు, అంటే గుడ్డ పొడవు వెంట వెళ్ళే దారానికి, సమాంతరంగా కోస్తే, మూల నుంచి మూలకు గుడ్డ ఏటవాలుగా సాగుతుందని గుర్తుంచుకో. చేత్తో లాగకుండా, మూల దగ్గర సూదిని గుడ్డలోనే ఉంచి, మిషను పాదం ఎత్తి, గుడ్డను తిప్పి కుట్టు. పలుచని నూలుకు 11 నంబరు సూది, మందంగా ఉంటే 14.

నిలువుపోగు:
సూది మూలలో ఉంచి తిప్పాలన్న మాట నేను రాయవలసింది, మరిచిపోయాను. చంక కోత దించే విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

కుట్టు అక్కయ్య:
నాదీ మారలేదు. చెయ్యి వెడల్పు పెంచకుండా దించితేనే మీరు చెప్పిన ఇబ్బంది వస్తుంది.

మారతహళ్ళి:
కుడి పక్క ముక్క వేశాను. మొదటిసారి మూల దగ్గర ముడత పడితే విప్పి మళ్ళీ కుట్టాను. ఇప్పుడు కుడిచెయ్యి ఎత్తి వంటింటి పై అరలో డబ్బా అందుకున్నాను, ఆ వైపు పట్టేయడం పోయింది. ఎడమ పక్క ఆదివారం కుడతాను. ఛాతీ నుంచి చంక వైపు ఏటవాలుగా ఒక ముడత మాత్రం ఇంకా కనిపిస్తోంది.

కుట్టు అక్కయ్య:
అది టక్కు, అంటే ఛాతీ దగ్గర గుడ్డను మడిచి వేసే కుట్టు, లేక వచ్చే ముడత. ఎడమ పక్క అయ్యాక టాపు తిరగేసి తొడుక్కుని, ముడత మొదలైన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి ఫోటో పంపు.