హ్యాంగ్ గ్లైడర్ దిగాల్సింది చక్రాల మీదా, కాళ్ల మీదా? రెక్కని దేనికోసం డిజైన్ చెయ్యాలి?

గాలివాటం:
దిగేటప్పుడు తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం ఒక్క క్షణం చుట్టూనే తిరుగుతాయి. రెక్క నేలకి మీటరు ఎత్తులో తేలుతూ వేగం కోల్పోతుంటుంది. పైలట్ నిటారుగా వేలాడుతూ తన ముందున్న త్రికోణపు ఫ్రేమ్ పక్క గొట్టాలని, అంటే డౌన్‌ట్యూబులని, భుజాల ఎత్తులో పట్టుకుని ఉంటాడు. సరిగ్గా స్టాల్ అంచుకి, అంటే రెక్క ఇక బరువు మోయలేనంత నెమ్మదించే చోటికి, రాగానే రెండు చేతులూ పైకీ ముందుకీ పూర్తిగా నెట్టాలి. అదే ఫ్లేర్. తొందరపడితే రెక్క ఎగిరి అక్కణ్ణించి కూలబడుతుంది, ఆలస్యమైతే ముక్కు నేలని పొడుస్తుంది. మధ్యలో దొరికేది సుమారు సెకను.

కొత్తవాళ్ల చేతికి, మధ్యస్థాయి వాళ్ల చేతికి ఇచ్చే రెక్క ఆ సెకను మీద ఆధారపడకూడదని నా వాదన. బేస్‌బార్‌కి (ఆ ఫ్రేమ్ అడుగు కడ్డీకి) పెద్ద చక్రాలు, పొట్ట మీద దిగినా అరగని హార్నెస్ (పైలట్ వేలాడే తొడుగు), ఇవి అదనపు సామానుగా కాక రెక్కతో పాటే రావాలి. కాళ్ల మీద దిగడం తర్వాత నేర్చుకునే విద్య. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి.

నేలచూపు:
కాదంటాను. చక్రం దొర్లాలంటే నేల చదునుగా ఉండాలి. రాళ్ల నేల, దున్నిన మడి, మోకాలెత్తు గడ్డి, వీటిలో ఏ చక్రమూ పనికిరాదు. ఊహించని చోట దిగాల్సి వచ్చినప్పుడు దొరికేవి అలాంటి నేలలే. గడ్డి ఎత్తుగా ఉంటే దాని కొసల్నే నేలగా లెక్కేసి అక్కడే ఫ్లేర్ చెయ్యాలి. పొట్ట మీద దిగడం మాత్రమే తెలిసినవాడు బేస్‌బార్‌ని నేరుగా ఆ గడ్డిలోకి దించుతాడు. గడ్డి బార్‌ని ఆపేస్తుంది, మనిషి ఆగడు.

ఇంకోటి. వాలులో పైకి దిగితే చక్రాలు వెనక్కి దొర్లుతాయి, కిందికి దిగితే ఆగవు, బ్రేకు ఉండదు. టేకాఫ్ దగ్గర గాలిలో రెక్క పట్టుకుని నిలబడినప్పుడూ అదే తంటా.

కొలబద్ద:
ఇద్దరూ రెక్కని వదిలేసి చక్రాల దగ్గర ఆగిపోయారు. ముందు వేగం సంగతి చూడండి.

పైలట్, హార్నెస్ కలిపి 85 కిలోలు. రెండు పొరల సెయిల్ (రెక్క గుడ్డ) ఉన్న వేగవంతమైన రెక్క 30 కిలోలు, వైశాల్యం 14 చదరపు మీటర్లు అనుకుందాం. గరిష్ఠ లిఫ్ట్ గుణకం (రెక్క ఎంత ఎత్తగలదో చెప్పే సంఖ్య) 1.5 తీసుకుంటే సముద్రమట్టం దగ్గర స్టాల్ వేగం సెకనుకి 9.4 మీటర్లు, అంటే గంటకి 34 కిలోమీటర్లు. అదే పైలట్ 23 కిలోల, 17 చదరపు మీటర్ల ఒంటిపొర రెక్క కింద వేలాడితే 8.2 మీటర్లు, గంటకి 30 కిలోమీటర్ల లోపు. తేడా నాలుగేగా అనిపిస్తుంది. కానీ నేల దగ్గర వదిలించుకోవాల్సిన శక్తి మొదటిదానికి సుమారు 5,000 జౌళ్లు, రెండోదానికి 3,700. నాలుగో వంతుకి పైగా తగ్గిపోయింది, ఏ చక్రమూ బిగించకుండానే.

ఫ్లేర్ తొందరపడితే ఏమవుతుందో కూడా లెక్కే చెబుతుంది. 9.4 దగ్గర చెయ్యాల్సింది 11 దగ్గర చేస్తే, మిగులు వేగం మొత్తం ఎత్తుగా మారితే 1.7 మీటర్లు. ఆ ఎత్తు నుంచి ఊరికే పడినా నేలకి తగిలే వేగం 5.8. కాలు విరగడానికి చాలు. అందుకే రెక్క ఎగిరిందనిపిస్తే చేతులు వెనక్కి లాగకూడదు. లాగితే ముక్కు దిగి రెక్క మళ్లీ వేగం పుంజుకుంటుంది, అప్పుడు పడేది ముక్కు మీదే. ఉన్నచోటే చేతులు బిగబట్టి, రెక్క దిగడం మొదలవగానే మిగిలినదంతా నెట్టెయ్యాలి.

గాలివాటం:
కొలబద్ద గారూ, పెద్ద రెక్క మంచిదే. అయినా ఆ 3,700 జౌళ్లు ఎక్కడో ఒకచోట ఖర్చు కావాల్సిందే. సెకనుకి 6 మీటర్ల వేగంతో బేస్‌బార్ నేలలో దిగబడి 30 సెంటీమీటర్లలో ఆగితే 6 జీ, అంటే గురుత్వానికి ఆరు రెట్ల కుదుపు. అదే వేగం నుంచి 6 మీటర్లు దొర్లి ఆగితే 0.3 జీ. ఫ్లేర్ చెయ్యడమే మరిచిపోయినవాడికి ఈ తేడాని ఇచ్చేది చక్రమే.

పైగా ముక్కు గుద్దుకున్నప్పుడు చెయ్యి ఎలా విరుగుతుందో గుర్తు చేసుకోండి. ఫ్రేమ్ ఆగిపోతుంది, పైలట్ లోలకంలా ముందుకి ఊగుతాడు, చేతులు మాత్రం డౌన్‌ట్యూబుల్ని వదలవు. భుజం ఊడిపోతుంది, లేదా మోచేతి పైన ఎముక మెలిపడి విరుగుతుంది. మన క్రీడకి బాగా పేరుమోసిన గాయం అదే. చక్రం దొర్లితే ఫ్రేమ్ ఆగదు, ఆ ఊగుడే ఉండదు.

నేలచూపు:
దొర్లితే. అసలు గొడవంతా ఆ 'తే' దగ్గరే. మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి 12, 13 సెంటీమీటర్ల గట్టి ప్లాస్టిక్ చక్రాలు. అవి సిమెంటు నేల మీద దొర్లుతాయి, కోసిన గడ్డి మీద ఏదో దొర్లుతాయి. అలాంటివి రెక్కతో పాటు ఇచ్చి ‘భద్రత’ అని పేరు పెడితే కొనేవాడు నమ్ముతాడు.

కొలబద్ద:
ఇక్కడ నేలచూపు గారిదే పైచెయ్యి. 4 సెంటీమీటర్ల మట్టిగడ్డ అడ్డొచ్చిందనుకోండి. 12.5 సెంటీమీటర్ల చక్రం దాన్ని ఎక్కాలంటే చక్రం మీద పడే బరువుకి 2.6 రెట్లు ముందుకి తొయ్యాలి. 30 సెంటీమీటర్ల చక్రానికి 0.93 రెట్లు చాలు. గడ్డ ఎత్తు చక్రం వ్యాసార్ధాన్ని చేరితే ఎంత తోసినా ఎక్కదు.

కాబట్టి 'చక్రాలు కావాలా' అన్న ప్రశ్న సగమే, ఎంత పెద్దవి అన్నదే అసలు ప్రశ్న. పెద్ద చక్రాలు గ్లైడ్‌ని (మీటరు ఎత్తు దిగేలోపు ఎన్ని మీటర్లు ముందుకి పోతుందన్న లెక్కని) నాశనం చేస్తాయన్న భయానికీ లెక్క ఉంది. 25 సెంటీమీటర్ల ఎత్తు, 6 సెంటీమీటర్ల మందం ఉన్న జత గాలికి అడ్డుపడే వైశాల్యం 0.03 చదరపు మీటర్లు. గంటకి 41 కిలోమీటర్ల దగ్గర అది తెచ్చే డ్రాగ్ (గాలి నిరోధం) 2.4 న్యూటన్లు. 13 గ్లైడ్ ఉన్న రెక్క మొత్తం డ్రాగ్ 87 న్యూటన్లు. అంటే 13 కాస్తా 12.65 అవుతుంది. పోటీలో అది పెద్ద లోటే. మధ్యస్థాయి పైలట్ మాత్రం హార్నెస్ జిప్పు సరిగ్గా వేసుకోకపోయినా అంతకంటే ఎక్కువే పోగొట్టుకుంటాడు.

సగంరెక్క:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. స్ప్రాగుల్ని కొంచెం కిందికి దించితే బార్ ఒత్తిడి తగ్గి ఫ్లేర్ తేలికవుతుందని విన్నాను. డిజైన్‌లోనే అలా ఇవ్వొచ్చు కదా?

కొలబద్ద:
వద్దు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. స్ప్రాగులు రెక్క కొసల వెనక అంచు కిందికి జారకుండా ఆపే కడ్డీలు. వాటి పని ముక్కు బాగా దిగి, దాడి కోణం (గాలికి రెక్క ఎదురయ్యే కోణం) తక్కువైనప్పుడు. ఫ్లేర్ సమయంలో కోణం ఎక్కువ, వీజీ (సెయిల్‌ని బిగించి వదిలే తాడు) వదులు, కొసల దగ్గర సెయిల్ స్ప్రాగుని తాకకుండా పైకి తేలి ఉంటుంది. అప్పుడు స్ప్రాగు ఎక్కడుంటే ఏం? దించితే పోయేది డైవ్ నుంచి రెక్క తనంతట తాను తేరుకునే గుణం. సర్టిఫికేషన్‌లో రెక్కని వాహనం మీద కట్టి పిచ్ మొమెంట్ (ముక్కుని పైకో కిందికో తిప్పే బలం) కొలిచేది దాని కోసమే. దిగడం మెత్తన చెయ్యబోయి గాలిలో పల్టీ కొట్టించినట్టవుతుంది.

ఫ్లేర్‌కి నిజంగా తేడా చేసేవి మూడు. ఒకటి వీజీ: పూర్తిగా బిగిస్తే రెక్క మొరాయిస్తుంది, పూర్తిగా వదిలితే కొసల మెలి ఎక్కువై కొన్ని రెక్కల్లో ఫ్లేర్ పట్టు తగ్గుతుంది. ఆ రెక్క మాన్యువల్ ఏం చెబితే అదే దిగే సెట్టింగు. రెండోది కీల్ (రెక్క నడిమి గొట్టం) మీద హ్యాంగ్ పాయింట్, అంటే పైలట్ వేలాడే చోటు. ముందుకి ఉంటే బార్‌ని వదిలేసినా రెక్క ఎక్కువ వేగంతోనే ఎగురుతుంది, స్టాల్ దాకా తేవడానికే చెయ్యి సగం దూరం ఖర్చయిపోతుంది, ఫ్లేర్‌కి మిగిలేది తక్కువ. మార్చేటప్పుడు ఒక్కసారికి ఒక్క రంధ్రమే జరపాలి, మాన్యువల్ హద్దు దాటకూడదు. మూడోదాన్ని ఎవరూ రెక్క ఖాతాలో వెయ్యరు: హార్నెస్. సన్నగా సాగిన పోటీ హార్నెస్‌లో నడుము పూర్తిగా నిటారు కాదు. ఒళ్లు ముందుకి వాలి ఉంటే చేతులు ముందుకే వెళ్తాయి, పైకి వెళ్లవు. దాంతో పైలట్ తన ఒంటినే వెనక్కి నెట్టుకుంటాడు, ముక్కు మాత్రం లేవదు.

ఎదురుగాలి:
ఫ్లాప్ (రెక్క వెనక అంచున కిందికి వంచే పలక) గురించి ఒక్కరూ మాట్లాడరేం? ఆటోస్ లాంటి రిజిడ్ (గట్టి చట్రపు) రెక్కలకి ఉన్నాయిగా. లిఫ్ట్ గుణకం 1.5 నుంచి 2.0కి పెరిగితే స్టాల్ వేగం 13 శాతం, శక్తి 25 శాతం తగ్గుతాయి. చక్రాల రభసే ఉండదు.

కొలబద్ద:
రిజిడ్ రెక్కకి నిజమే. గుడ్డ రెక్కకి ఫ్లాప్ బిగించడానికి గట్టి వెనక అంచు లేదు. తోక కూడా లేదు కాబట్టి ఫ్లాప్ ముక్కుని కిందికి తిప్పే బలాన్ని సరిచెయ్యడానికి పైలట్ చేతులే దిక్కు. ఫ్లేర్‌కి దాచుకోవాల్సిన చేతి దూరం అక్కడే అయిపోతుంది.

డ్రోగ్ (వెనక్కి లాగే చిన్న పారాచూట్) అనబోతారేమో, అదీ చెప్పేస్తాను. చదరపు మీటరు డ్రోగ్ గంటకి 54 కిలోమీటర్ల దగ్గర 110 న్యూటన్లు లాగుతుంది, గ్లైడ్ దాదాపు సగమవుతుంది. గంటకి 32 దగ్గర మిగిలేది 40 న్యూటన్లే. అంటే చిన్న మైదానంలోకి నిటారుగా దిగడానికి అది బ్రహ్మాండం, నేల తాకే క్షణంలో మాత్రం పెద్ద సాయం కాదు. డ్రోగ్ వేసి నెమ్మదిగా ఎగిరితే దాన్ని వెయ్యనట్టే.

నేలచూపు:
సరే, పెద్ద చక్రాలు ఒప్పుకుంటాను. ఒక షరతు: డౌన్‌ట్యూబు మెత్తగా ఉండాలి. గుండ్రటి సన్నటి అల్యూమినియం గొట్టం గుద్దుకున్నప్పుడు వంగుతుంది, ఆ వంగుడులో కొంత శక్తి పోతుంది. ఫ్యూజు లాంటిది, పోతే గొట్టం పోతుంది, చెయ్యి మిగులుతుంది. ఇప్పుడు మధ్యస్థాయి రెక్కలకి కూడా గాలికి తక్కువ అడ్డుపడే ఏరోఫాయిల్ ఆకారం గట్టి గొట్టాలు వస్తున్నాయి. అవి వంగకుండా మొండికేసి, హఠాత్తుగా పదునుగా విరుగుతాయి. కొత్తవాడి రెక్కకి అది ఆడంబరం తప్ప మరోటి కాదు. దెబ్బని వంగే భాగానికి అప్పగించాలన్నది కొత్త ఆలోచనేం కాదు. 19వ శతాబ్దంలోనే గ్లైడర్లు ఎగరేసిన జర్మన్ ఓటో లిలియంతాల్ తన గ్లైడర్ ముందు వంచిన కొమ్మతో ఒక విల్లు కట్టుకుంది గుద్దుకుంటే దెబ్బని అది మింగాలనే.

వంగిన గొట్టాన్ని మోకాలి మీద పెట్టి సరిచేసి మళ్లీ ఎగిరేవాళ్లకి ఒక మాట: వంగిన చోట లోహం ఇప్పటికే అలిసిపోయింది. పారేసి కొత్తది వెయ్యండి. బోల్టు రంధ్రాలు సాగాయేమో, పక్క తీగెల చివర కట్టు దగ్గర పోగులు తెగాయేమో కూడా చూడండి.

గాలివాటం:
గొట్టం సంగతిలో మీతో నాకు పేచీ లేదు. చక్రాల మీద దిగే పద్ధతి కూడా రాసేస్తాను, మాన్యువల్లో ఇది రెండు లైన్లతో సరిపెడతారు. చేతులు బేస్‌బార్ మీదే ఉండాలి, డౌన్‌ట్యూబుల మీదికి మారకూడదు. సగం మారిన చేతులతో, అంటే ఒకటి పైన ఒకటి కింద ఉండగా, నేల తాకడం అన్నిటికంటే చెడ్డది. కాళ్లు పాడ్ (హార్నెస్‌లో కాళ్లు ఉండే సంచి) నుంచి బయటికి తీసి వెనక్కి చాపాలి. స్టాల్ వేగానికి ఒకటిన్నర రెట్లతో గాలికి ఎదురుగా వచ్చి, మీటరున్నర ఎత్తులో దిగుడు ఆపి, బార్‌ని మెల్లగా వదులుతూ నేల నుంచి అడుగు ఎత్తులో సాగనివ్వాలి. ఇక తేలనని రెక్కే చెబుతుంది. తాకాక బార్‌ని లాగకూడదు, లాగితే బరువంతా చక్రాల మీద పడి ముక్కు వాలుతుంది. కొద్దిగా నెడుతూనే ఉండాలి. రెక్కలు సమంగా లేకపోతే ముందు ఒక చక్రం తాకి రెక్క అటు తిరుగుతుంది, కాబట్టి చివరి 5 మీటర్ల ఎత్తులో మలుపులు వద్దు.

సగంరెక్క:
ఆఖరి నిమిషంలో ముందు ఎత్తు గడ్డి కనిపిస్తే? చేతులు బార్ మీదే ఉన్నాయి, నిటారు అవడానికి టైమ్ లేదు.

నేలచూపు:
గడ్డి కొసల మీద బార్ ఆనకముందే, ఉన్నచోటి నుంచే బార్‌ని చేతులు చాపినంత నెట్టెయ్యి. పూర్తి ఫ్లేర్ కాదు, సగమైనా ముక్కు పైకి ఉంటుంది, కీల్ వెనక కొస ముందు దిగుతుంది. గుద్దుకుంటుందని తెలియగానే బార్ వదిలి చేతులు ఛాతీకి ముడుచుకో. ఫ్రేమ్ లోపలికి ఊగినా చెయ్యి గొట్టానికి చిక్కదు.