తుపాను బొమ్మలో ఎత్తు ఎంత పెంచి గీయవచ్చు?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి):
పిల్లల సైన్స్ పత్రికకు తుపాను మీద రెండు పేజీల బొమ్మ వేస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా విన్నదే కదా అని హుద్‌హుద్‌ను తీసుకున్నాను. నిలువుకోతలో (తుపానును పైనుంచి కిందికి కోసి పక్కనుంచి చూసినట్టు) కన్ను, అంటే నడిమధ్య గాలి నెమ్మదించే చోటు, చుట్టూ మేఘాల గోడ, కింద సముద్రం గీశాను. ఒక సైన్స్ మాస్టారు చూసి, "తుపాను ఇంత పొడుగ్గా ఉండదమ్మా" అన్నారు. కొలత ప్రకారం గీస్తేనేమో ఏమీ కనిపించడం లేదు. శనివారం ప్రెస్‌కి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు (సీతమ్మధార):
మాస్టారి మాట నిజమే అమ్మా. తుపాను వెడల్పు 600 కిలోమీటర్లు అనుకుంటే ఎత్తు సుమారు 15. మీ బొమ్మ వెడల్పు 20 సెంటీమీటర్లయితే ఎత్తు అర సెంటీమీటరే వస్తుంది. 40 కిలోమీటర్ల కన్నుకు 13 మిల్లీమీటర్లు. అంటే కన్నుకు లోతు కన్నా వెడల్పే ఎక్కువ! అందరం బావిలా గీస్తాం, అది నిజానికి పళ్లెం. పిల్లలకు తెలియాల్సిందే ఇది, దాచకండి.

ఎత్తు పది రెట్లు పెంచండి. 5 సెంటీమీటర్లు వస్తుంది, మేఘాలకూ బాణాలకూ చాలు. "ఎత్తును 10 రెట్లు పెంచి చూపాం" అని బొమ్మ మీదే రాయండి, కింద మూలన చిన్నక్షరాల్లో కాదు. దాని కిందే అంతే వెడల్పుతో, ఎత్తు పెంచకుండా అసలు కొలతలో సన్నటి పట్టీలాంటి బొమ్మ ఒకటి వేయండి. రెండూ ఒకచోట ఉంటే మాస్టారికీ అభ్యంతరం ఉండదు.

ఇంకోటి. గాలి తిరుగుడు నిలువుకోతలో తెలియదు, పైనుంచి చూసినట్టు చిన్న బొమ్మ విడిగా కావాలి. మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్య దిశలో తిరుగుతుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న ఆగ్నేయం నుంచి వచ్చి విశాఖ దగ్గర తీరం దాటింది. కాబట్టి కన్ను రాకముందు ఊరి మీద గాలి ఈశాన్యం వైపు నుంచి, కన్ను దాటాక నైరుతి వైపు నుంచి. ఊరిని ఒక చుక్కగా పెట్టి ఆ రెండు దశలూ గీయండి. "కాసేపు ఆగి, మళ్లీ అటువైపు నుంచి కొట్టింది" అని పెద్దవాళ్లు అనేది ఎందుకో పిల్లలకు అక్కడే అర్థమవుతుంది.

జవాబు (డాబాగార్డెన్స్, డీటీపీ పని):
సైన్స్ సంగతి పైన చెప్పారు, నేను అచ్చు గురించి చెప్తాను. ముదురు నీలం సముద్రం మీద తెల్ల అక్షరాలు పెట్టకండి మేడం. రంగు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ఒత్తులు పూడిపోతాయి, "ఉష్ణోగ్రత"లో ణ ఒత్తు గుర్తుపట్టలేం. పేర్లన్నీ లేత రంగు మీద నలుపులో, 10 పాయింట్లకు తగ్గకుండా పెట్టండి. వరసల మధ్య ఇంగ్లీషుకు ఇచ్చేదానికన్నా ఎక్కువ జాగా వదలండి, లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది. ప్రెస్‌కి పంపే ఫైల్లో అక్షరాలు కర్వ్స్ చేసి, అంటే ఫాంట్ అవసరం లేకుండా గీతల బొమ్మలుగా మార్చి ఇవ్వండి. మార్పుల కోసం అసలు ఫైల్ మాత్రం విడిగా దాచుకోండి.

ప్రశ్న అడిగినావిడ:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. వేడి గాలికి ఎరుపు, చల్లగాలికి ఆకుపచ్చ పెట్టాను, పర్లేదా?

జవాబు (సీతమ్మధార):
వద్దమ్మా. ఆ రెండిటి తేడా పట్టలేని పిల్లలు ఉంటారు. పైగా బడిలో జిరాక్స్ తీస్తే రెండూ ఒకే బూడిద రంగు. నారింజ, నీలం పెట్టండి. పైకెక్కే గాలికి లావు బాణం, దిగే గాలికి చుక్కల బాణం వేయండి. ఒకసారి నలుపు తెలుపులో ప్రింట్ తీసి చూసుకుని, స్కెచ్ ఇక్కడ పెట్టండి. బాణాలు నేను చూస్తాను.