'సాగర సంగమం' చివర్లో ఆ గొడుగు ఎందుకు?

మూడులాంతర్లు: నిన్న రాత్రి మళ్లీ చూశాను. 1983 సినిమా, ఇంకా పాతబడలేదు. ఆఖరు మాత్రం మింగుడు పడలేదు. తాగుడికి బానిసైన నాట్యకారుడు బాలు, తను ప్రేమించిన మాధవి కూతురు శైలజ నాట్యం చూస్తూ చక్రాల కుర్చీలోనే పోయాడు. స్నేహితుడు రఘు కుర్చీ తోసుకుపోతుంటే వాన. మాధవి పరుగున వచ్చి గొడుగు పట్టింది. పోయినవాడు తడిస్తే ఏమిటట?

నాగావళి: బావి దగ్గర సీను మర్చిపోయారా మాస్టారూ? తాగి ఉన్నా సరే, వానకి మాధవి బొట్టు చెరిగిపోతుందని బాలు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె భర్త పోయిన సంగతి అతనికి తెలీదు. ఆ చేతికి జవాబే ఈ గొడుగు. దర్శకుడు విశ్వనాథ్ గారు మాటల్లో చెప్పలేదు, అంతే.

మూడులాంతర్లు: అప్పుడు ఆమె బతికే ఉంది కదా. నేను అడిగింది ఆఖరి గొడుగు గురించి.

గంటస్తంభం: ఇళయరాజా సంగీతం, వేటూరి పాటలు, జంధ్యాల మాటలు... మీకు గొడుగే దొరికిందా సార్!

పద్యనాటకం: మా నాన్న హార్మోనిస్టు. చీపురుపల్లి నుంచి టెక్కలి దాకా ఆయన వాయించని ఊరు లేదు. రాత్రంతా నాటకం, వచ్చిన డబ్బు తాగుడికి. నలభై ఎనిమిదేళ్లకే పోయారు. అమ్మ గాజులు తాకట్టు పెట్టి దినం చేశాం. అలాంటి మనిషిని తెర మీద పెడితే జనం ఏడుస్తారు. ఇంట్లో పడినవాళ్ల సంగతి ఎవడికీ పట్టదు.

నాగావళి: బాలుకి పెళ్లాం పిల్లలు లేరు. మీ నాన్నగారితో పోలికేమిటండీ?

పద్యనాటకం: లేరు కాబట్టే కథ అంత అందంగా ఉంది. తాగుబోతు ఇంట్లో పుట్టి ఉంటే తెలిసేదమ్మా మీకు.

నాగావళి: తెలియనిదాన్ని అనుకోకండి. మా అమ్మకి ముప్పై నాలుగేళ్లకే నాన్న పోయారు. నా పెళ్లిలో అందరి వెనకా నిలబడి అక్షింతలు వేసింది. ముందుకి రమ్మని ఎవరూ అనలేదు, నేను కూడా. నేను ఏడ్చేది బాలు కోసం కాదు. మాధవి అన్నాళ్లూ అతని కోసం బొట్టు నాటకం ఆడింది. ఆఖరికి అందరూ చూస్తుండగా పరుగెత్తింది. అందుకే ఆ గొడుగు తీసేయమంటే నేను ఒప్పుకోను.

పద్యనాటకం: ...మా అమ్మ శ్మశానం దాకా వస్తానంది. మేమే వద్దన్నాం.

గంటస్తంభం: 🙏

మూడులాంతర్లు: అదంతా సరే. బయట వానని తెలిసి రఘు ముందే గొడుగు తెచ్చుకోవచ్చుగా?