సలేశ్వరం జాతర దారిలో ఫోర్ వీల్ బండి: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

మిర్యాలగూడ_థార్:
ఈ చైత్ర పౌర్ణమికి నాన్నను, బావను తీసుకుని నల్లమల అడవిలో ఉన్న సలేశ్వరం లింగమయ్య (శివుడు) దర్శనానికి పోదామనుకుంటున్నా. థార్ కొని ఏడాదైంది, ఇంతవరకు రాళ్లదారి ఎక్కించలేదు. ఫరహాబాద్ దగ్గర శ్రీశైలం హైవే దిగాక దారి ఎట్లుంటుంది? ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే పద్ధతి) ఎప్పుడు వేయాలి?

అచ్చంపేట_వాసి:
తమ్ముడూ, అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. జాతర రోజుల్లో తప్ప ఆ దారిలో సొంత బండ్లను పంపరు. మిగతా రోజుల్లో అడవి చూడాలంటే అటవీశాఖ సఫారీ బండి ఎక్కాల్సిందే. దారంతా ఎర్రమట్టి, మధ్యమధ్యలో పైకి తేలిన బండలు. ఎండాకాలం కదా, ఆకు రాలిపోయి కొండలు వరుసగా కనిపిస్తాయి, చాలా బాగుంటుంది. రాంపూర్ పెంట (చెంచుల గూడెం) దగ్గర బండి ఆపి అక్కడి నుంచి లోయలోకి నడక. నాన్నగారి మోకాళ్లు ఎట్లున్నాయో చూసుకోండి, ఎక్కి రావడమే కష్టం.

పాలమూరు_డీజిల్:
తారు రోడ్డు మీద ‘ఫోర్ హై’ (4H, ఫోర్ వీల్‌లో మామూలు వేగానికి) వేయకండి. ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే వేగంతో తిరగాల్సి వస్తుంది. మలుపులో అవి వేర్వేరు వేగంతో తిరగాలి, ఆ వెసులుబాటు లేక స్టీరింగ్ బిగుసుకుంటుంది, గేరు పెట్టె మీద భారం పడుతుంది. మట్టి మొదలయ్యాక వేయండి. నిట్టనిలువు దిగుడు వస్తే బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్ చేసి, ‘ఫోర్ లో’ (4L, ఫోర్ వీల్‌లో తక్కువ వేగానికి, ఎక్కువ పట్టుకు) వేసి మొదటి గేరులో వదిలేయండి. క్లచ్ మీద కాలు పెట్టొద్దు. ఇంజనే పట్టి ఉంచుతుంది. బ్రేకు నొక్కుతూనే దిగితే వేడెక్కి పట్టు పోతుంది. టైర్లలో గాలి 32 పీఎస్ఐ ఉంటే 24కి తగ్గించండి.

కల్వకుర్తి_బొలెరో:
గాలి సంగతిలో నేనొప్పుకోను అన్నా. మట్టికి, ఇసుకకు సరే. ఇక్కడ రాళ్లు కత్తుల్లా ఉంటాయి. గాలి తగ్గితే టైరు పక్క ఉబ్బి రాయికి దొరుకుతుంది. మాకు అదే జరిగింది, పక్క గోడ నాలుగు వేళ్ల వెడల్పున చీలింది. అక్కడ పంక్చర్ అతుకు నిలవదు. స్టెప్నీ మార్చేదాకా మా వెనక ముప్పై బండ్లు ఆగిపోయాయి.

పాలమూరు_డీజిల్:
నిజమే. అయితే 28 చాలు. ఎక్కువ బరువుంటే అసలు తగ్గించొద్దు.

మిర్యాలగూడ_థార్:
వెళ్లొచ్చాం! 28 పెట్టుకున్నా. ముందున్న ట్రాక్టరు దుమ్ములో రెండు గజాల అవతల ఏమీ కనిపించలేదు, లైట్లు వేసుకుని ఎడం పెంచుకుంటూ పోయాను. ఒక దిగుడు దగ్గర బావ కిందికి దిగి ముందు నడిచి చక్రం ఎక్కడ పెట్టాలో చేత్తో చూపించాడు. ‘ఫోర్ లో’లో బండి చీమలా దిగింది, ఒక్కసారి కూడా బ్రేకు ముట్టలేదు. నాన్న పైనున్న పిడి పట్టుకుని "వస్తున్నం లింగమయ్యా" అంటుంటే వెనక బండ్లవాళ్లు కూడా అందుకున్నారు. లోయలోకి దిగి గుండంలో నీళ్లు నెత్తిన పోసుకున్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఎక్కి రావడానికి మాత్రం మాకు మూడు గంటలు పట్టింది.

వచ్చే ఏడు వెళ్లేవాళ్లు గాలి తగ్గించేది హైవే పక్క ఖాళీ జాగాలోనే కానిచ్చేయండి. చెక్‌పోస్టు వరుసలో నిలబడ్డాక దిగడానికి కుదరదు. తిరిగొచ్చాక నింపుకోవడానికి చిన్న గాలి పంపు వెంట ఉంచుకోండి.